ఏడవ అధ్యాయము: పాకము నేర్పెడి శ్రద్ధ

శ్రద్ధ కలిగియుండుమని పిల్లలకును పెద్దలకును ఉపదేశించువారు లోకమున కొదవలేదు. కాని శ్రద్ధ యనగా నేమో, అది మనస్సునందు ఎట్లు నిలుచునో, ఎట్లు జారిపోవునో, చేతితో తాకి చూచినట్లు తెలిపెడి సాధన మేదైన నున్నదా యని వెదకినచో, నా అనుభవమున వంటయింటి పొయ్యిమీది పాకమును మించినది కానరాలేదు. అన్నము ఒక పలుకు మెత్తబడినను తినుటకు పనికివచ్చును. పప్పు చిక్కబడినచో కొంచెము వేడినీరు పోసి సరిచేసికొనవచ్చును. కూరలో ఉప్పు తగ్గినచో విస్తటిలోనైనను చల్లుకొనవచ్చును. పాకము మాత్రము అట్టి సడలింపు నెరుగదు. అది అరనిమిషము ముందు దింపినచో పండ్లకు అంటుకొని సాగును. అరనిమిషము ఆలసించినచో చేదెక్కును. ఆ నడిమి క్షణమును పట్టుకొనగలిగిన చేయి, ఇతర కార్యములయందును అట్టి క్షణములను పట్టుకొనుట నేర్చుకొనునని నా నమ్మకము.

ఈ అధ్యాయమున రెండు మిఠాయిల విధానమును చెప్పదలచితిని. ఒకటి వెన్నయు పంచదారయు కలిపి కాచెడి టాఫీ. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో పేరుగాంచి, క్రిస్మస్ వేళ ఇంట చేసి బంధుమిత్రులకు పంచిపెట్టు మిఠాయిగా పాశ్చాత్య దేశములందు వాడుకకు వచ్చినది. రెండవది మన వేరుశనగ పట్టి. పల్లీపట్టి యన్నను, చిక్కీ యన్నను అదియే. డిసెంబరు 25వ తేదీ క్రిస్మస్ మొదలుకొని జనవరి నడుమ వచ్చు సంక్రాంతి వరకు గల మూడు వారములును మన ఇండ్లకు పండుగ దినములే. క్రైస్తవ కుటుంబములనుండి కేకులతోపాటు అరిసెలును కజ్జికాయలును ఇరుగుపొరుగు మతభేదము లేక అందుకొనుచుందురు. అవి తీరకమునుపే సంక్రాంతి పిండివంటల సందడి ఆరంభమగును. చలికాలమగుటచే గాలిలో తేమ తగ్గియుండుట వలన పాకపు మిఠాయిలకు ఇంతకంటె అనుకూలమైన ఋతువును లేదు.

టాఫీ పరదేశపుదే యైనను పాకవిద్య మనకు పరాయిది కాదు. ఆంగ్లేయులు మిఠాయికి వాడెడి 'క్యాండీ' యను మాట, సంస్కృతమందలి 'ఖండ' శబ్దము పారసీక, అరబ్బీ భాషల మీదుగా ఐరోపాకు నడచిపోగా ఏర్పడినదే. మనము నేటికిని కండచక్కెర యని పలుకునపుడు ఆ పాత మాటనే పలుకుచున్నాము. పాకమను మాటయు వంటయింటితో ఆగిపోలేదు. ఓరుగల్లున కాకతీయ ప్రతాపరుద్రుని కాలమున విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయమున కావ్యమునకు ద్రాక్షాపాకము, నారికేళపాకము అను భేదములు చెప్పబడినవి. నోట వేసికొన్న వెంటనే రసమిచ్చునది మొదటిది, పీచు ఒలిచి పెంకు పగులగొట్టిన పిదప రసమిచ్చునది రెండవది. అచ్చట పాకమనగా పరిపక్వత. పొయ్యిమీది గిన్నెలోనిదియు అదియే: ఒక పదార్థము తన పరిపక్వతకు చేరుచున్నది, దానిని గుర్తించుటయే మన పని.

నా చిన్నతనమున మా మేనత్త సంక్రాంతికి పాకము పట్టునప్పుడు ప్రక్కన చిన్న కంచుగిన్నెలో చన్నీళ్ళు పెట్టుకొని, పీటపై కదలక కూర్చుండెడిది. ఆ సమయమున వీథివాకిట ఎవరు పిలిచినను పలికెడిది కాదు. "ఇంకా ఎంతసేపు అత్తా?" యని నేను విసిగి అడిగినచో, "గడియారం కేసి చూడకురా, గిన్నె కేసి చూడు" అని మాత్రము చెప్పి మరల తన చూపును గిన్నెపై నిలిపెడిది. పెద్దవాడనైన తరువాత, పాకము పొయ్యిమీద నుండగా వాకిట ఎవరో పిలిచిరని వెళ్ళి, రెండు మాటలాడి తిరిగి వచ్చుసరికి గిన్నెలో నల్లని ముద్ద మిగిలియుండుట కన్నులార చూచితిని. ఆమె పలుకకపోవుట బిగువు కాదనియు, అది తన పనికి ఆమె చూపిన గౌరవమనియు ఆనాడు తెలిసినది.

పాకము ముదురుట యనగా నేమి

విధానమునకు ముందు కారణమును తెలిసికొందము. కారణ మెరిగిన చేయి కొలతల పుస్తకము లేనిచోటను తడబడదు. శుద్ధజలము సముద్రమట్టమున 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరగును. అందు పంచదార కరిగినచో ఆ ద్రవము అంతకంటె హెచ్చు వేడిమి వద్ద మరగును. నీరు ఆవిరియై పోవుకొలది పంచదార పాలు పెరుగును, మరుగు స్థానము పైకెక్కును. కావున పాకపు వేడిమి యెంతయో తెలిసినచో, అందు నీరింకను ఎంత మిగిలియున్నదో తెలిసినట్లే.

చన్నీటిలో ఒక బొట్టు వేసినప్పుడు అది వ్రేళ్ళకు మెత్తని ఉండగా వచ్చుట 112 నుండి 116 డిగ్రీల నడుమ జరుగును. అరిసెలకు మన పెద్దలు చూచెడి ఉండపాకము ఇదియే. 121 నుండి 130 వరకు ఉండ గట్టిపడును. 132 నుండి 143 వరకు నీటిలో తీగలుగా సాగి, వంచినచో కొంత వంగి అటుపై విరుగును. 146 నుండి 154 వరకు గల దశయందు ఆ తీగ వంగక ఫెళుక్కున విరుగును. అప్పుడు పాకమున మిగిలిన నీరు నూటికి ఒక పాలు మాత్రమే. టాఫీకిని పట్టికిని వలసినది ఈ పెళుసు పాకమే. 160 దాటిన పిదప పంచదార తానే విచ్ఛిన్నమగుట కారంభించి, ముందు గోధుమవన్నెను కమ్మదనమును ఇచ్చి, పిమ్మట వేగముగా నలుపునకును చేదునకును పోవును.

ఇందు గమనింపవలసిన మర్మ మొకటి కలదు. ఆరంభమున నీరు సమృద్ధిగా నుండుటచే పొయ్యి యిచ్చిన వేడిమి యంతయు ఆవిరి చేయుటకే వ్యయమగును. పాకము చాలసేపు ఒక్కచోటనే నిలిచియున్నట్లు తోచును. చివర నీరు తరిగిన తరువాత అదే మంటకు వేడిమి త్వరత్వరగా పైకెక్కును. ఏమియు జరుగుట లేదని మనస్సు విసుగుచెంది ప్రక్కకు తొలగెడి వేళకే అంతయు జరిగిపోవును. పాకము చెడగొట్టుకొన్నవారిలో పెక్కుమంది మొదటి పది నిమిషములు చూచి, చివరి రెండు నిమిషములు చూడనివారే.

వంటకు వాడెడి ఉష్ణమాపకము అంగడిలో దొరకును, ఉన్నచో మేలు. దానిని మొదట మరుగుచున్న నీటిలో ఉంచి పరీక్షింపవలెను. ఊరు ఎత్తున నున్నకొలది నీరు తక్కువ వేడిమికే మరగును, సుమారు 300 మీటర్ల ఎత్తునకు ఒక డిగ్రీ చొప్పున తగ్గును; విశాఖపట్టణపు తీరమున 100 చూపెడి పరికరము హైదరాబాదునందు 98 చూపినచో అది దాని దోషము కాదు. ఆ రెండు డిగ్రీలను పాకపు లెక్కనుండి కూడ తగ్గించుకొని, 150కి బదులు 148 వద్ద దింపవలెను. పరికరము లేనివారు చింతిల్లనక్కరలేదు. పళ్ళెములో చన్నీరు పోసి పాకపు బొట్టు వేసి, అది గట్టిపడిన వెంటనే తీసి పళ్ళెపు అంచునకు కొట్టినచో ఖంగుమని మ్రోగవలెను. నోట వేసి కొరికినచో పంటికి అంటక విరుగవలెను. ఈ పరీక్ష చేయునంతసేపు గిన్నెను పొయ్యిమీదినుండి దింపియుంచుట మరువరాదు. ఏలయన మనము పరీక్షించుచున్నను పాకము ముదురుట మానదు.

పొయ్యి వెలిగింపక మునుపు

పాకము పట్టుటలో సగము పని పొయ్యి వెలిగింపక మునుపే ముగియవలెను. పాకము సిద్ధమైన పిదప జీడిపప్పు తరుగుటకును, పళ్ళెమునకు నెయ్యి రాయుటకును, గరిటె వెదకుటకును వ్యవధి యుండదు. కావున కావలసిన ప్రతివస్తువును కొలిచి, తరిగి, వేయించి, చేయి చాచినంత దూరమున వరుసగా పెట్టుకొనవలెను. అడుగు మందమైన గిన్నెను తీసికొనవలెను. పలుచని గిన్నెయందు అడుగున ఒకచోట మాడి మరియొకచోట పచ్చిగా నుండును. పాకము పొంగును గనుక గిన్నె పదార్థమునకు మూడింతలైన పెద్దదై యుండవలెను. గరిటె చెక్కదైనచో పిడి కాలదు; ప్లాస్టిక్ గరిటె ఈ వేడిమికి కరగిపోవును.

ఇక జాగ్రత్త. కాగిన నీరు చేతిపై పడినచో జారిపోవును. పెళుసు పాకము జారదు, చర్మమున కంటుకొని కాల్చుచునే యుండును, అదియు నీటికంటె 50 డిగ్రీలు హెచ్చైన వేడిమితో. పొయ్యి వద్దకు చిన్నపిల్లలను రానీయరాదు. పొడవు చేతుల చొక్కా తొడిగికొనుట, పైటను నడుమునకు దోపుకొనుట మంచిది. పాకమును వ్రేలితో ముట్టి చూడరాదు. పొరపాటున పడినచో వెంటనే చేతిని కుళాయిక్రింద చల్లని నీటిధారలో ఇరువది నిమిషములు ఉంచవలెను. సిరా, పండ్లపొడి, వెన్న, మంచుగడ్డ మున్నగునవి గాయమునకు హానియే చేయును గాని మేలు చేయవు. బొబ్బ పెద్దదైనచో వైద్యుని చూడవలెను.

వెన్న టాఫీ

సుమారు అరకిలో టాఫీకి కావలసినవి: ఉప్పు లేని వెన్న 200 గ్రాములు, పంచదార 200 గ్రాములు, నీరు మూడు పెద్ద చెంచాలు, తేనె ఒక పెద్ద చెంచా, ఉప్పు పావు చెంచా, దోరగా వేయించి తరిగిన బాదము గాని జీడిపప్పు గాని 100 గ్రాములు, వెనిల్లా సారము అర చెంచా. పైన పూతకు ఇష్టమున్నచో 100 గ్రాముల చాక్లెట్టును సన్నగా తురుముకొనవచ్చును. అంచు గల పళ్ళెమున వెన్న పూసిన కాగితము పరచి, తరిగిన పప్పులో సగము దానిపై చల్లి యుంచవలెను.

వెన్నను సన్నని మంటపై కరగించి, అందు పంచదార, నీరు, తేనె, ఉప్పు వేసి, పంచదార పలుకులు పూర్తిగా కరగువరకు మెల్లగా కలుపవలెను. ఈ దశలో తొందరపడి మంట పెంచరాదు. కరగక మిగిలిన ఒక్క పలుకు చాలును, తరువాత అది విత్తనమువలె పనిచేసి పాకమంతటిని ఇసుకరేణువులుగా మార్చుటకు. తేనెయందలి వేరు చక్కెరలు ఇట్లు పలుకు కట్టుటను కొంత అడ్డుకొనును. గిన్నె గోడలకు అంటిన పలుకులను తడి కుంచెతో లోపలికి దిగజార్చవలెను.

అంతయు కరగిన పిదప మంటను నడిమి స్థాయికి తెచ్చి, గరిటెను ఒకే తీరున, ఒకే వేగమున, అడుగు తాకునట్లు త్రిప్పుచుండవలెను. మొదట నురుగుతో తెల్లగా పొంగును. తరువాత నురుగు చిక్కబడి, బుడగలు పెద్దవై నెమ్మదించును. పిదప వెన్నవన్నె పసుపుగాను, పసుపు లేత గోధుమవన్నెగాను మారును. వెన్నలోని పాలమాంసకృత్తులును చక్కెరలును వేడిమికి కలిసి జరిపెడి ఈ వన్నెమార్పును ఫ్రెంచి రసాయనజ్ఞుడు లూయీ కమీల్ మెయ్యార్ 1912లో వివరించెను. రొట్టె పైపొర ఎఱ్ఱబడుటయు, వేయించిన కాఫీ గింజ కమ్మన వేయుటయు ఈ చర్యతో ముడివడినవే. సుమారు పండ్రెండు మొదలు పదునెనిమిది నిమిషములలో పాకము 150 డిగ్రీలకు చేరి, బాదంపప్పు పైపొట్టు వన్నె కలిగి, ఘుమఘుమలాడును. అదియే దింపవలసిన క్షణము.

దింపిన వెంటనే వెనిల్లా వేసి ఒక్కసారి కలిపి, సిద్ధముగా నున్న పళ్ళెమున ఒకేధారగా పోయవలెను. గిన్నె అడుగును గీకి వేయరాదు. అచ్చట మాడినది గాని పలుకు కట్టినది గాని యుండవచ్చును. చాక్లెట్టు వేయదలచినవారు వేడిగా నుండగనే తురుము చల్లి, అయిదు నిమిషములు ఆగి, అది మెత్తబడిన పిదప చెంచా వెనుకభాగముతో పరచి, మిగిలిన పప్పు చల్లవలెను. చాక్లెట్టు లేనివారు కొంచెము చల్లారి బిగియుచున్నప్పుడే కత్తికి వెన్న రాసి గాట్లు పెట్టినచో, ముక్కలు సమముగా విరుగును. గంటసేపు కదలింపక చల్లారనిచ్చి విరువవలెను.

వేరుశనగ పట్టి

వేరుశనగ దక్షిణ అమెరికానుండి వచ్చిన పంటయైనను, నేడు అనంతపురము పేరు చెప్పినచో ముందు జ్ఞప్తికి వచ్చునది అదియే. తెలంగాణమున పల్లీలని, రాయలసీమలో కొన్నిచోట్ల బుడ్డలని దానిని పిలుచుకొందురు. ఆ గింజయు చెఱకు బెల్లమును కలిసినచోట దేశమెల్ల ఈ మిఠాయి పుట్టినది. మహారాష్ట్రమున లోనావాలా దానికి ప్రసిద్ధి. తమిళదేశమందలి కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది. బెల్లమునకు అనకాపల్లి వంటి పేరుగల అంగడి మనకుండగా, ఇంట చేసికొనుటకు మన కేమి కొఱత?

వేయించి, పొట్టు ఊది, బద్దలుగా చేసిన వేరుశనగ పప్పు 250 గ్రాములకు తరిగిన బెల్లము 200 గ్రాములు, నీరు మూడు పెద్ద చెంచాలు, నెయ్యి ఒక చెంచా చాలును. వేరుశనగలను సన్నని సెగపై ఓపికగా వేయింపవలెను. పెద్దమంటపై పైపొట్టు నల్లబడి లోపల పచ్చివాసన మిగులును. బెల్లమును నీటిలో కరగించి, ఇసుకయు పిప్పియు పోవునట్లు వడగట్టి, మరల పొయ్యిపై పెట్టవలెను. బెల్లము ఎంపిక ముఖ్యము. తేమగా, ఉప్పగా నున్న బెల్లము ఎంత కాచినను పెళుసు పాకమునకు రాదు; అంగడివానితో పట్టికి కావలెనని చెప్పి గట్టి బెల్లమును తెచ్చుకొనవలెను.

బెల్లపు పాకము తొందరగా మాడును, వన్నెయు మొదటినుండియే ముదురు గనుక, కంటికంటె నీటి పరీక్షనే నమ్మవలెను. పొంగి, నురుగు తగ్గి, బుడగలు నిగనిగలాడుచు చిక్కగా మరగుచున్నప్పుడు మంట తగ్గించి, నిమిషమున కొకసారి బొట్టు పరీక్షింపవలెను. ఖంగుమని మ్రోగినంతనే నెయ్యి వేసి, ఇష్టమున్నచో చిటికెడు వంటసోడా కలుపవలెను. అందుండి వెలువడు బొగ్గుపులుసు వాయువు సూక్ష్మమైన బుడగలుగా చిక్కుకొని పట్టిని గుల్లగా చేయును. వెంటనే పప్పు వేసి కలిపి, నెయ్యి రాసిన పీటపై పోసి, నెయ్యి రాసిన అప్పడాల కఱ్ఱతో పలుచగా ఒత్తి, వేడి ఆరకమునుపే కత్తితో గళ్ళు కోయవలెను. పోయుట మొదలు కోయుట వరకు రెండు నిమిషములకు మించి వ్యవధి లేదు. అందువలననే ఇద్దరు కలిసి చేయుట మేలు. ఒకరు పోయుదురు, మరియొకరు ఒత్తుదురు. తల్లియు ఎదిగిన కుమార్తెయు, అత్తయు కోడలును, అన్నదమ్ములును ఒకే పనిపై ఇట్లు చేతులు కలిపెడి సందర్భములు మన దినచర్యలో అరుదగుచున్నవి.

లోపములు, చికిత్సలు

మొదటిసారియే అంతయు సరిగా కుదురుననుకొనరాదు. టాఫీ కాచునప్పుడు వెన్న విడిపోయి నూనెగా పైకి తేలుట కలదు. మంట ఒక్కసారిగా హెచ్చించుటయో, కలుపుట ఆపుటయో దానికి కారణము. అప్పుడు మంట తగ్గించి, ఒక చెంచా వేడినీరు దూరమునుండి జాగ్రత్తగా పోసి, అది చిటపటలాడుట తగ్గిన పిదప మెల్లగా కలిపినచో చాలమారులు మరల కలిసిపోవును. పాకము పలుకు కట్టి ఇసుకవలె నైనచో నీరు పోసి పూర్తిగా కరగించి మొదటినుండి కాచుకొనవచ్చును. మిఠాయి చల్లారిన తరువాత సాగుచు పంటికి అంటుకొన్నచో పాకము లేతదని యర్థము. అదియు కొంచెము నీటితో కరగించి మరల ముదురబెట్టినచో బాగుపడును. పప్పు కలిపిన పట్టి మాత్రము అట్లు చేయుటకు అనువు కాదు. దానిని ఉండలు చేసి రెండు దినములలో తినివేయుట మంచిది.

మాడిన పాకమునకు మాత్రము చికిత్స లేదు. ఎంత వెన్న కలిపినను, ఎంత తీపి చేర్చినను ఆ చేదు పోదు. ఈ ఒక్క వ్యత్యాసమును చదువరులు మనస్సున నిలుపుకొందురుగాక: తక్కువైన దానికి మరల అవకాశ మున్నది, మీరిన దానికి లేదు. కోపమున అనబోయి ఆగిన మాటను రేపు చెప్పుకొనవచ్చును; అనేసిన మాటను వెనుకకు తీసికొనజాలము. అందుచే సందేహము కలిగినప్పుడు గిన్నెను దింపి పరీక్షించుటయే వివేకము. ఇక మాడిన గిన్నెను ఇనుప పీచుతో గీకుచు శ్రమపడనక్కరలేదు. దానినిండ నీరు పోసి మరగనిచ్చినచో ఆ గట్టి పెచ్చు తానే కరగిపోవును.

దాచుట, పంచుట

పంచదారయు బెల్లమును గాలిలోని తేమను పీల్చుకొనును. బెల్లము మరింతగా పీల్చును. కావున వానపడుచున్న దినమున ఈ పని పెట్టుకొనరాదు. చల్లారిన ముక్కలను ఆరుబయట ఉంచక, వెంటనే మూత బిగువైన డబ్బాలో, వరుసల నడుమ వెన్నకాగితము వేసి సర్దవలెను. ఫ్రిజ్‌లో పెట్టి తీసినచో వాటిపై చెమ్మ పట్టి జిగురెక్కును. టాఫీ రెండు వారములు, పట్టి సుమారు ఒక నెల నిలుచును. ఆపైన వెన్నయు పప్పునూనెయు కమటువాసన వేయును.

ఇవి మితముగా తినవలసిన పదార్థములని చెప్పుట నా బాధ్యత. రోజుకు 2000 కేలరీలు తినువానికి అదనపు చక్కెర 50 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఈ టాఫీ నూరు గ్రాములలోనే నలువదికి పైగా గ్రాముల చక్కెర యుండును. బెల్లము పంచదారకంటె మధుమేహులకు మేలన్న మాట నమ్మదగినది కాదు. అయిదేండ్లలోపు పిల్లలకు గింజలుగల గట్టి మిఠాయి గొంతుకడ్డుపడు ప్రమాద మున్నది. ఏడాది నిండని శిశువులకు తేనె చేరిన దేదియు పెట్టరాదు. ముక్కలను చిన్నవిగా విరిచి, ఎక్కువమందికి కొంచెము కొంచెముగా పంచినచో ఆరోగ్యమును నిలుచును, ఆప్యాయతయు పెరుగును. అంగడిలో కొన్న పెట్టె ఎంత వెలగలదైనను, దానితో మన సమయ మేమియు వెళ్ళదు; ఇంట చేసిన నాలుగు ముక్కలను కాగితమున చుట్టి పొరుగింటికి పంపినప్పుడు, వారికొఱకు మన మొక గంట మరి దేనికిని ఇయ్యక నిలిచితిమని ఆ పొట్లము చెప్పును.

అభ్యాసము

ఈ వారమున చదువరులు మూడు పనులు చేయుదురుగాక. మొదటి దినమున 100 గ్రాముల పంచదారయు పావు గ్లాసు నీరును మాత్రము తీసికొని, మిఠాయి చేయు తలంపు లేక, పాకమును మెత్తని ఉండనుండి పెళుసు వరకు ప్రతిదశయందును నీటిలో పరీక్షించి, ఏ దశ ఎట్లుండునో వ్రాసికొనుడు. రెండవ దినమున వేరుశనగ పట్టి చేయుడు. మూడవ దినమున వెన్న టాఫీ చేయుడు. మూడు దినములును పొయ్యి వెలిగించుటకు ముందు చరవాణిని మరియొక గదిలో ఉంచి, వాకిట పిలుపులకు పలుకువారి నొకరిని ఏర్పరచుకొనుడు. ముగిసిన పిదప, ఆ పావుగంటలో మీ మనస్సు ఎన్నిమారులు గిన్నెను విడిచిపోయినదో నిజాయితీతో లెక్కించుకొనుడు. మొదటి దినపు లెక్కకును మూడవ దినపు లెక్కకును గల భేదమే ఈ అధ్యాయపు ఫలము.

విద్యార్థికి పరీక్ష, రైతునకు పదును, వైద్యునికి రోగి స్థితి, గృహిణికి పాకము, వీనిలో నేదియు మన వీలునకై ఆగదు. మనము ముందుగానే సిద్ధపడి దానికొఱకు వేచియుండవలెను. ఈ పండుగకు అట్లు వేచియుండి చేసిన తొలి ముక్కను మీ ఇంటి పెద్దల చేతిలో పెట్టుడు.